మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ మాత్ర: కంపెనీ మారినా 'అదే మందు' అని దేన్ని చూసి చెప్పాలి?

గడియారస్తంభం_మెడికల్స్ (అనంతపురం):

అందరికీ నమస్కారం. అనంతపురంలో పన్నెండేళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. బయోఈక్వివలెన్స్ (రెండు కంపెనీల మందు ఒంటికి ఒకేలా అందుతుందా అన్న పోలిక) అనే మాటను బి.ఫార్మసీలో పరీక్ష కోసం చదివాను తప్ప, కౌంటరు దగ్గర దానితో ఇంత పని పడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

బుక్కరాయసముద్రం నుంచి వచ్చే ఒక రిటైర్డు మాస్టారు నాలుగేళ్లుగా బీపీకి, గుండెకు వాడే మెటోప్రొలాల్ సక్సినేట్ 50 మిల్లీగ్రాముల ఎక్స్ఎల్ మాత్రను (మందును నిదానంగా వదిలే రకం) విరిచి, రోజూ పొద్దున సగం వేసుకుంటున్నారు. డాక్టరు గారు చీటీలో రాసిందే అలా. గత నెల ఆయన వాడే కంపెనీ మందు స్టాకిస్టు దగ్గర దొరకలేదు. క్లినిక్‌కు ఫోన్ చేసి, డాక్టరు గారు సరేనన్న తర్వాతే వేరే కంపెనీ స్ట్రిప్ ఇచ్చాను. మందు అదే, 50 అదే, పేరు చివర మాత్రం ఎక్స్ఎల్ బదులు ఈఆర్ అని ఉంది. పది రోజులకు మాస్టారు వచ్చి స్ట్రిప్‌ను కౌంటరు మీద పెట్టి, "ఏమప్పా, ఇదీ అదీ ఒకటేనా? పొద్దున పదకొండుకు కళ్లు తిరుగుతాయి, తెల్లవారుజామున గుండె దడదడమంటుంది" అన్నారు.

ఆయన వెళ్లిపోయాక రెండు కంపెనీల మాత్రలనూ సగానికి విరిచి, రెండు స్టీలు గ్లాసుల నీళ్లలో వేసి చూశాను. పాత కంపెనీ ముక్క కాసేపటికే విడిపోయి బొంబాయి రవ్వలాంటి తెల్లని గుళికలుగా అడుగున పేరుకుంది. కొత్త కంపెనీ ముక్క విడిపోనే లేదు. గంట తర్వాత చూస్తే, నానిన సబ్జా గింజలా చుట్టూ జిగురు కట్టి ఉబ్బి ఉంది. అంటే రెండూ మందును వదిలే పద్ధతే వేరు. అలాంటి రెండింటిని సమానమని ఏ లెక్కన అంటారు?

కడపలో లెక్చరరుగా ఉన్న నా క్లాస్‌మేట్‌ను అడిగితే, తమ కాలేజీ ల్యాబులో ఇలాంటి రెండు బ్రాండ్లను పోల్చినప్పుడు అవి ల్యాబు ద్రవంలో కరిగే తీరు ఎంత దగ్గరగా ఉందో చెప్పే ఎఫ్2 విలువ 62 వచ్చిందనీ, 50 దాటితే సమానమేననీ చెప్పాడు. ఇంకొక మిత్రుడు 80 నుంచి 125 శాతం దాకా తేడాను చట్టమే ఒప్పుకుంటుంది కాబట్టి, ఒక కంపెనీకీ ఇంకో కంపెనీకీ 45 శాతం వ్యత్యాసం ఉండవచ్చన్నాడు. రెండు మాటలూ నాకు నమ్మబుద్ధి కావడం లేదు. మాస్టారు పొద్దున ఉగ్గాణి, బజ్జీ తిన్న వెంటనే మాత్ర వేసుకుంటారు, ఆ సంగతి కూడా లెక్కలోకి వస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

మీ గ్లాసుల ప్రయోగం చాలా బాగుంది. హైదరాబాదులో ఒక బయోఈక్వివలెన్స్ కేంద్రంలో ఆరేళ్లు పనిచేసి, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. నాకు తెలిసినంత చెబుతాను, కొంచెం పొడవు అవుతుంది.

ముందు 80–125 సంగతి తీసేద్దాం, ఎందుకంటే ఈ అపోహ డాక్టర్లలో కూడా ఉంది. ఆ హద్దుల మధ్య ఉండవలసింది రక్తంలో రెండు మందుల స్థాయిల సగటుల నిష్పత్తి ఒక్కటే కాదు, ఆ నిష్పత్తి చుట్టూ కట్టే 90 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు నిష్పత్తి ఉండవచ్చని లెక్క చెప్పే పరిధి) మొత్తం. ఉదాహరణకు 24 మంది వలంటీర్లు ఒకసారి ఈ మందు, ఇంకోసారి ఆ మందు వేసుకున్నారనుకుందాం. ఒకే మనిషిలో ఒకసారికీ మరోసారికీ వచ్చే తేడా 20 శాతం అనుకుంటే, సగటు నిష్పత్తి సరిగ్గా 100 అయినప్పుడు ఆ ఇంటర్వెల్ దాదాపు 91 నుంచి 110 దాకా ఉంటుంది. నిష్పత్తి 90 అయితే అది 81.6 దగ్గర మొదలవుతుంది కాబట్టి అంచున గట్టెక్కుతుంది. 88 అయితే 79.8 దగ్గర మొదలై తప్పిపోతుంది. అంటే సగటులో 12 శాతం తేడా ఉన్న మందే ఇక్కడ నిలవదు, 45 శాతం మాట ఎక్కడిది? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వారు 1996 నుంచి 2007 వరకు తాము ఆమోదించిన జెనరిక్ మందుల 2,070 అధ్యయనాలను తిరగేసినప్పుడు, రక్తంలో మందు చేరే గరిష్ఠ స్థాయి అయిన సీమ్యాక్స్‌లో సగటు తేడా 4.35 శాతం, ఒంటికి పట్టిన మొత్తాన్ని చెప్పే ఏయూసీలో 3.56 శాతం మాత్రమే కనిపించింది. కాబట్టి జెనరిక్ అనగానే అనుమానపడవలసిన పని లేదు.

మీ ప్రశ్నలోని అసలు చిక్కు మరొకచోట ఉంది. మామూలు మాత్ర కడుపులో పడగానే కరిగిపోతుంది కాబట్టి, మొత్తం ఎంత పట్టింది, శిఖరం ఎంత ఎత్తు అన్న రెండు అంకెలు చాలావరకు కథంతా చెప్పేస్తాయి. నిదానంగా వదిలే మాత్రకు అవి చాలవు. మన చీనీ తోటలకు డ్రిప్పు పెట్టినట్టు అనుకోండి. సాయంత్రం మీటరు చూస్తే రెండు తోటలకూ ఒకే లెక్క నీళ్లు పారి ఉండవచ్చు, పైపులో గరిష్ఠ ధార కూడా ఒకటే కావచ్చు. కానీ ఒక తోటకు మధ్యాహ్నం ఎండలో మూడు గంటలు చుక్క పడకపోతే ఆ సంగతి మీటరు చెప్పదు. అందుకే ఏయూసీని గంటల వారీగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా పోల్చే పద్ధతి వచ్చింది. దాన్ని పార్షియల్ ఏయూసీ అంటారు.

దీనికి మంచి ఉదాహరణ పిల్లల్లో ఏకాగ్రత లోపానికి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ ఈఆర్. పొద్దున బడికి వెళ్లేటప్పుడు వేసిన మాత్ర సాయంత్రం దాకా పనిచేయాలి. కాన్సెర్టా అనే మూల మందుకు జెనరిక్‌లుగా ఆమోదం పొందిన రెండు మందులు 7వ గంట నుంచి 12వ గంట మధ్య మందును మరీ నెమ్మదిగా అందిస్తున్నట్టుందని తేలడంతో, 2014 నవంబరులో ఎఫ్‌డీఏ వాటికి ఉన్న సమానత్వపు గుర్తును తీసివేసింది. ఇప్పుడు ఆ మందుకు పరగడుపున 0–3, 3–7, 7–12 గంటల ముక్కలను విడివిడిగా చూపించాలి. నిద్రకు ఇచ్చే జోల్పిడెమ్ సీఆర్‌లో మొదటి గంటన్నర ముక్కను ప్రత్యేకంగా చూస్తారు, ఎందుకంటే పడుకోగానే నిద్ర పట్టించే పని ఆ గంటన్నరదే. గీత ఎక్కడ గీయాలన్నది మందు చేసే పనిని బట్టి తేలాలి తప్ప, లెక్కల సౌకర్యం కోసం కాదు.

ఇంకొక ఉదాహరణలో పాఠం వేరు. డిప్రెషన్‌కు వాడే బ్యుప్రోపియాన్ 300 మిల్లీగ్రాముల ఎక్స్ఎల్ జెనరిక్, బ్యుడెప్రియాన్ అనే పేరుతో, 2006లో ఆమోదం పొందింది. ఎక్కువ మోతాదుతో మూర్ఛ వచ్చే ప్రమాదం ఉందని వలంటీర్లలో 150 మాత్రనే పరీక్షించి, దాన్ని బట్టి 300 కూడా సమానమే అనుకున్నారు. వాడినవారి నుంచి ఫిర్యాదులు వస్తుండగా ఎఫ్‌డీఏ తానే 24 మందితో 300 మాత్రను పరీక్షించింది. సీమ్యాక్స్ మూల మందులో దాదాపు 75 శాతమే వచ్చింది. 2012 అక్టోబరులో అది సమానం కాదని ప్రకటించారు. పెద్ద మాత్ర లోపలి పొరలూ పైపూతా చిన్న మాత్రకు అచ్చంగా పెంచిన రూపమని ముందే అనుకోవడం ఎంత పొరపాటో అక్కడ తెలిసింది.

ఇక ఉగ్గాణి విషయం. మేము చేసే పరీక్షల్లో పరగడుపు అధ్యయనం ఒకటి, భోజనం తర్వాతి అధ్యయనం ఇంకొకటి, మాడిఫైడ్ రిలీజ్ (మందును వదిలే వేగాన్ని మార్చి చేసిన మాత్ర) అయితే రెండూ తప్పవు. ఆ భోజనం మామూలుది కాదు, 800 నుంచి 1,000 కేలరీలు ఉండాలి, అందులో సగం కొవ్వు నుంచే రావాలి, అరగంటలో ముగించాలి. తినడం మొదలుపెట్టిన సరిగ్గా అరగంటకు 240 మిల్లీలీటర్ల నీళ్లతో మాత్ర ఇస్తాం. మా వైపు నుంచి వచ్చిన వలంటీరు కుర్రవాళ్ల సంగతి సరదాగా ఉండేది. మూడు ముద్దల సంగటి అలవోకగా తినేవారు కూడా ఆ వెన్న, చీజు ప్లేటు ముందు బిక్కమొహం వేసేవారు. ఇంత హంగామా ఎందుకంటే, ఒకప్పుడు రోజుకొక్కసారి వేసుకునే థియోఫిలిన్ మందు ఒకటి కొవ్వు భోజనంతో కలిసినప్పుడు రోజంతటి మందులో ఎక్కువ భాగాన్ని కొన్ని గంటల్లోనే వదిలేసి విషలక్షణాలు తెప్పించింది. దీన్నే డోస్ డంపింగ్ అంటాం. మెటోప్రొలాల్ సక్సినేట్ మూల మందు మీద ఆహారం ప్రభావం చెప్పుకోదగ్గది కాదని దాని లేబుల్‌లోనే ఉంది. అయితే ఆ మాట ఆ గుళికల మాత్రకు సంబంధించినది. ఆహార ప్రభావం చాలాసార్లు మందు అణువుది కాదు, దాన్ని చుట్టిన నిర్మాణానిది. రవ్వంత గుళికలు ఆహారంతో కలిసి జఠరం నుంచి కొద్దికొద్దిగా జారిపోతాయి. విడిపోని పెద్ద జిగురు మాత్ర మాత్రం కడుపు ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలిచిపోవచ్చు. కాబట్టి జిగురు మాత్ర తయారుచేసిన కంపెనీ భోజనం తర్వాతి సమానత్వాన్ని తన మాత్రతోనే చూపించుకోవాలి.

చివరిగా స్టెడీ స్టేట్, అంటే రోజూ వేసుకుంటుంటే రక్తంలో మందు ఒక నిలకడకు వచ్చిన స్థితి. యూరప్ వారి మార్గదర్శకం ప్రకారం, రోజూ వేసుకుంటుంటే ఒంట్లో పేరుకునే మందైతే, ఒక్క మోతాదు అధ్యయనాలతో పాటు వరుసగా కొన్ని రోజులు ఇచ్చి, తదుపరి మాత్ర వేసుకునే క్షణానికి రక్తంలో ఎంత మిగిలి ఉందో కూడా పోల్చాలి. నా ఉద్దేశంలో ఇది తప్పనిసరి. మీ మాస్టారికి తెల్లవారుజామున దడ అంటున్నారు చూడండి, ఆ ఘడియలో మిగిలేదే ఆ అంకె. అయినా అది మాత్ర వల్లే వచ్చిందని నేనూ అనను, మీరూ అనకండి. నాడి, బీపీ చూడకుండా ఆ మాట తేలదు.

పాలకొండల_నీడ (కడప):

నేను ఫార్మాస్యూటిక్స్ పాఠం చెబుతాను. ప్రశ్న అడిగినవారి క్లాస్‌మేట్ నేను కాదు కానీ, ఎఫ్2 విషయంలో ఆయన చెప్పినదానికి కొంత సవరణ అవసరం.

ఎఫ్2 యాభై అంటే, రెండు కరుగుదల వక్రరేఖల మధ్య ప్రతి సమయంలోనూ సగటున 10 శాతం తేడా ఉందని అర్థం. 62 మంచి విలువే. ఏ ద్రవంలో వచ్చిన 62 అన్నది అసలు ప్రశ్న. విద్యార్థులు సాధారణంగా పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) 6.8 ఉన్న బఫర్ ద్రవం ఒక్కదానిలో చేసి ఊరుకుంటారు. మాడిఫైడ్ రిలీజ్ మాత్రకు 1.2, 4.5, 6.8 మూడింటిలోనూ చూడాలి, ద్రవాన్ని కలిపే తెడ్డు వేగం మార్చి చూడాలి. మందు విడుదలను నియంత్రించే పాలిమర్ పదార్థం ఆమ్లంలో ఒకలా, క్షారంలో ఒకలా ప్రవర్తించేదైతే, 6.8లో కలిసి నడిచిన రెండు రేఖలు 1.2లో విడిపోవచ్చు. పైగా గుళికల పూతలోంచి మందు ఊరి బయటికి వచ్చే పద్ధతికీ, జిగురు కరిగి అరుగుతూ వదిలే పద్ధతికీ గాజు పాత్రలో ఎఫ్2 కలిసినా పేగుల కదలికల మధ్య అవి కలిసే ఉంటాయన్న హామీ లేదు. ల్యాబు రేఖను బట్టి రక్తంలోని రేఖను ఊహించవచ్చని ఆ నిర్మాణానికే ముందుగా నిరూపించి ఉంటే తప్ప, కరుగుదల పరీక్ష మనుషుల మీది పరీక్షకు బదులు కాదు. అదే కంపెనీ, అదే నిర్మాణంలో చిన్న మార్పు చేసుకున్నప్పుడు, లేదా వేరే స్ట్రెంగ్త్ తెచ్చినప్పుడు ఎఫ్2 ఎంతో పనికొస్తుంది. రెండు వేర్వేరు కంపెనీలను పోల్చడానికి అది మొదటి మెట్టు మాత్రమే.

ఫార్మకోపియా (మందుల నాణ్యతా ప్రమాణాల గ్రంథం) పరీక్ష పాసైందంటే సమానమే అనేవారు కూడా ఉన్నారు. అమెరికా ఫార్మకోపియాలో మెటోప్రొలాల్ సక్సినేట్ ఈఆర్ మాత్రకు 1, 4, 8, 20 గంటల దగ్గర నమూనా తీస్తారు. 8వ గంటకు 40 నుంచి 60 శాతం మధ్య విడుదలై ఉండాలి. ఒక కంపెనీది 41, ఇంకో కంపెనీది 59 వచ్చినా రెండూ పాసే. ఆ పరీక్ష ఒకే కంపెనీ బ్యాచీలు నిలకడగా ఉన్నాయో లేదో చూడటానికి పెట్టింది, ఒక కంపెనీని ఇంకో కంపెనీతో తూచడానికి కాదు.

విరవడం గురించి ఎవరూ రాయలేదు. అన్నిటికంటే ముందు అడగవలసింది అదే. గుళికల మాత్రను సగం చేసినా లోపలి గుళికలు చెక్కుచెదరవు, ఒక్కొక్క గుళిక దానంతట అదే ఒక చిన్న మాత్ర కాబట్టి. జిగురు మాత్రను విరిస్తే కొత్త ముఖం ఒకటి తెరుచుకుంటుంది, బరువుకు తగిన ఉపరితలం పెరిగి మొదటి గంటల్లో మందు వేగంగా రావచ్చు. గీత ఉన్న మాడిఫైడ్ రిలీజ్ మాత్రలకు సగం ముక్క కూడా కరుగుదల పరీక్షలో నిలవాలని ఎఫ్‌డీఏ అడుగుతుంది. మీ కొత్త స్ట్రిప్‌లోని మాత్ర మీద గీత ఉందా? బయోఈక్వివలెన్స్ అధ్యయనం జరిగేది నిండు మాత్రతో. సగం ముక్కతో వాడుతున్న మాస్టారికి ఆ అధ్యయనం ఎంత బాగా వచ్చినా వర్తించదు.

హంద్రీ_ఒడ్డు (కర్నూలు):

ఫిజీషియన్‌ను. ఒక్క విషయంలో తుంగభద్ర_గట్టు గారితో ఏకీభవించలేను. స్టెడీ స్టేట్‌లో పాత మోతాదుల మిగులు కొత్త మోతాదు మీద పేరుకుని, రెండు నిర్మాణాల మధ్య ఉన్న తేడాను చదును చేసేస్తుంది. విడుదల వేగంలో తేడా పట్టడానికి ఒక్క మోతాదు అధ్యయనమే ఎక్కువ సున్నితం. అమెరికా వారు సాధారణంగా దానితోనే సరిపెట్టుకోవడానికి కారణం అదే. ఊరికే వలంటీర్లకు వారం రోజులు మందు మింగించడం ఎందుకు?

షాపు వారికి ఒక మాట. షెడ్యూల్ హెచ్ మందుకు (డాక్టరు చీటీ మీదే అమ్మవలసిన మందుకు) బదులు ఇంకో తయారీ ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని 65(11ఎ) చెబుతోంది. మీరు ఫోన్ చేసి అడిగారు, మంచి పని. అయితే ఫోన్‌లో "అదే మందు సార్" అంటే మేమూ సరేనంటాం. "గుళికల మాత్ర కాదు సార్, ఆయన విరుచుకుంటారు" అని చెప్పి ఉంటే మా జవాబు వేరుగా ఉండేది. ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఎక్స్ఎల్, ఓడీ అనే అక్షరాలకు కొలతతో కూడిన అర్థం ఏదీ లేదు, కంపెనీ తన ఇష్టప్రకారం తగిలించుకుంటుంది. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ గురించిన మన 2019 నియమాల్లో మాడిఫైడ్ రిలీజ్ రూపాన్ని ఎప్పటికీ 'కొత్త మందు'గానే లెక్కించాలని రాసిందీ ఇలాంటివాటిని ఆషామాషీగా వదలకూడదనే కావచ్చు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు):

డాక్టరు గారూ, సున్నితత్వం గురించి మీరన్నది నిజమే, నేను 'తప్పనిసరి' అన్న మాట కొంచెం బిగువుగా వాడాను. యూరప్ వారు కూడా మందు పెద్దగా పేరుకోనప్పుడు, అంటే ఒక్క మోతాదులోనే ఏయూసీలో 90 శాతానికి పైగా మోతాదు వ్యవధి లోపలే ముగిసిపోయినప్పుడు, ఆ అధ్యయనాన్ని మినహాయించి బదులుగా పార్షియల్ ఏయూసీలు అడుగుతారు. అయితే వ్యవధి చివర మిగిలే స్థాయి రోగికి ముఖ్యమైనప్పుడు, దాన్ని నేరుగా కొలిచి చూడటంలో నాకు తప్పు కనిపించదు. ఈ వాదన మా కేంద్రంలో క్యాంటీన్ బల్ల దగ్గర కూడా తెగలేదు.

గడియారస్తంభం_మెడికల్స్ (అనంతపురం):

అందరికీ ధన్యవాదాలు. కొత్త స్ట్రిప్ తెరిచి దీపం కింద పెట్టి చూశాను, మాత్ర మీద గీత లేదు. నేను గమనించవలసింది, గమనించలేదు. మాస్టారిని తీసుకుని నేనే డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ఇక్కడ చదివిన సంగతులు చెప్పాను. ఆయన నాడి, బీపీ చూసి, ఈసీజీ తీయించి, విరిచే పని లేకుండా 25 మిల్లీగ్రాముల గుళికల మాత్ర, కంపెనీ పేరుతో సహా రాసిచ్చారు. రెండు వారాల తర్వాత మళ్లీ చూస్తానన్నారు. షాపులో ఉన్న మెటోప్రొలాల్ స్ట్రిప్పులన్నిటిలో ఒక్కొక్క మాత్రను నీళ్ల గ్లాసులో వేసి, విడిపోయేవి ఒక అరలో, ఉబ్బేవి ఇంకో అరలో సర్దుకున్నాను. ఇది పరీక్ష కాదని తెలుసు, నా జ్ఞాపకం కోసం మాత్రమే. మొత్తం ఐదు కంపెనీల్లో మూడు విడిపోయాయి, రెండు ఉబ్బాయి.

పాలకొండల_నీడ (కడప):

విడిపోయే రకమైనా నమలకూడదనీ నూరకూడదనీ కవరు మీద రాసి ఇవ్వండి, గుళిక పూత పగిలితే అది మామూలు మాత్రతో సమానం. ఒక చిన్న సందేహం: ఇన్నాళ్లూ విరిచిన రెండో సగాన్ని మాస్టారు మరుసటి రోజు దాకా ఎక్కడ పెట్టేవారు? జిగురు మాత్ర ముక్క గాలిలోని తేమను పీల్చుకునే రకం కావచ్చు.

గడియారస్తంభం_మెడికల్స్ (అనంతపురం):

అడిగాను సార్. క్యాలెండరు కాగితంలో పొట్లం కట్టి, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టేవారట.